సీతాకోకచిలుకల ఫొటోలకు మాక్రో లెన్స్ కొనాలా? ముందు గెట్టు మీది గడ్డి చూడండి

మీరు అడిగింది క్లుప్తంగా ఇదీ. హనుమకొండలో ఉంటారు. కెనాన్ 1500డి కెమెరా, దాంతో పాటు వచ్చిన 18-55, 55-250 లెన్సులు ఉన్నాయి. మే నెలలో రెండుసార్లు పాకాల అడవికి వెళ్లారు, చెప్పుకోదగ్గ ఫొటో ఒక్కటీ రాలేదు. ముప్పై వేలు పెట్టి మాక్రో లెన్స్, అంటే చిన్నవాటిని దగ్గరి నుంచి పెద్దగా తీసేది, కొనాలా అన్నది మొదటి ప్రశ్న. ఈ ఫొటోల వల్ల తగ్గిపోతున్న జీవాలకు ఏమైనా ఒరుగుతుందా, లేక అంతా లైకుల కోసమేనా అన్నది రెండోది. ఇంటి దగ్గర తీసిన ‘క్రిమ్సన్ రోజ్’ ఫొటో కూడా జత చేశారు. దాని సంగతి చివర చెప్తాను.

లెన్స్ ఇప్పుడే కొనకండి. ఓ ఏడాది ఆగండి. ఆలోపు ఓ పది మొక్కలు గుర్తుపట్టడం నేర్చుకోండి. రెండో ప్రశ్నకు జవాబు: ఒరుగుతుంది. అయితే గోడకు తగిలించుకునే ఫొటోతో కాదు. తేదీ, చోటు రాసిపెట్టిన, రెక్క రెండు వైపులా కనిపించే మామూలు ఫొటోతో. అదీ మీరు ఒకే చోటికి ఏళ్ల తరబడి వెళ్తేనే.

నేను జువాలజీ చదవలేదు. బ్యాంకు ఉద్యోగిని, ఆదివారాలు మాత్రం వీటి వెంటే. పద్నాలుగేళ్లలో తప్పులు చాలా చేశాను, వాటిలో కొన్ని మీరు చేయకుండా ఉంటారని రాస్తున్నా.

ముందు మే నెల సంగతి. మన అడవి ఎక్కువగా టేకు, మద్ది, తునికి. ఫిబ్రవరి, మార్చికల్లా ఆకు రాలిపోతుంది. లేత ఆకు లేనప్పుడు గొంగళిపురుగుకు తిండి లేదు, పూలు లేనప్పుడు పెద్దవాటికి తేనె లేదు. మేలో పాకాలలో ఉండేవి కూడా ఎండుటాకు రంగులో ఒదిగి కూర్చుంటాయి. కామన్ ఈవెనింగ్ బ్రౌన్ అనేది ఒకటుంది. వానాకాలంలో పుట్టినదానికి రెక్క అడుగున కళ్లలాంటి చుక్కలు స్పష్టంగా ఉంటాయి. ఎండాకాలంలో పుట్టినదానికి ఆ చుక్కలు దాదాపు మాయమై, అచ్చం రాలిన ఆకులా ఉంటుంది. మీ కాళ్ల ముందు నుంచి నాలుగు లేచిపోయినా ఆకులు ఎగిరాయనుకుని ఉంటారు. వానలు పడ్డాక, ముఖ్యంగా సెప్టెంబరు నుంచి నవంబరు దాకా, అదే దారిలో నడవండి.

ఇక లెన్స్. మీ 55-250తో సుమారు మీటరు దూరం నుంచి, జూమ్ 250 దగ్గర పెట్టి తీస్తే ఫ్రేమ్ వెడల్పులో ఏడు సెంటీమీటర్ల మేర పడుతుంది. ప్లెయిన్ టైగర్ రెక్కలు చాపితే దాదాపు అంతే ఉంటుంది. అంటే మన దగ్గర మామూలుగా కనిపించే పెద్ద సీతాకోకలన్నిటికీ మీ చేతిలో ఉన్నది సరిపోతుంది. చిన్నవాటికే చిక్కు. గ్రాస్ జ్యూయెల్ అని మన దేశంలోనే అతి చిన్నవాటిలో ఒకటి చెరువు శిఖంలో నేలబారుగా తిరుగుతుంటుంది. రెక్కల వెడల్పు రెండు సెంటీమీటర్లు కూడా ఉండకపోవచ్చు. దాని కోసం లెన్స్ ముందు బిగించే రేనాక్స్ 150 లాంటి క్లోజప్ అద్దం కొనుక్కోండి, మాక్రో లెన్స్ ఖరీదులో నాలుగో వంతు కూడా కాదు. కాకపోతే దాంతో ఇరవై సెంటీమీటర్ల దగ్గరికి వెళ్లాలి, ఊపిరి బిగపట్టి. ఏడాది తర్వాత కూడా ఈ పిచ్చి వదలకపోతే అప్పుడు 100 మిల్లీమీటర్ల మాక్రో కొనండి. 60ది మాత్రం వద్దు, అంత దగ్గరికి వెళ్లేలోపు ఎగిరిపోతుంది.

సెట్టింగులు పెద్ద బ్రహ్మవిద్య కాదు. ఎపర్చర్ 8, షట్టర్ 1/500, ఐఎస్ఓ 400 నుంచి 800. ఫోకస్ ఒకే పాయింట్, అది కంటి మీద. అసలు కష్టం వేరే ఉంది. ఆ దూరంలో, ఆ ఎపర్చర్‌తో స్పష్టంగా పడే మందం నాలుగైదు మిల్లీమీటర్లే. కెమెరా కాస్త ఏటవాలుగా ఉన్నా కన్ను స్పష్టంగా, రెక్క చివర మసకగా వస్తుంది. రెక్కలు మూసి ఉంటే పక్క నుంచి, చాపి ఉంటే పైనుంచి, కెమెరా వెనక భాగం రెక్కకు సమాంతరంగా ఉండాలి. ఈ ఒక్కటి పట్టుబడితే సగం ఫొటోలు బాగుపడతాయి. ఫోన్‌తో తీసేవాళ్లు మాక్రో మోడ్ ఆపేసి, రెండింతల జూమ్ పెట్టి అడుగున్నర దూరం నుంచి తీసుకుంటే మేలు. మాక్రో మోడ్‌లో ఫోన్‌ను దాని మూతికి ఆనించాల్సి వస్తుంది.

దగ్గరికి వెళ్లడం గురించి నాకు పాఠం చెప్పింది ఓ చెరువు మత్తడి. అక్టోబరు ఉదయం, ఎనిమిది దాటింది. మత్తడి దూకడం ఆగి వారమైంది, కింద రాళ్ల మధ్య తడి ఇసుక, గేదెలు తొక్కిన బురద. ఆ బురద మీద ముప్పై నలభై ఎమిగ్రెంట్ సీతాకోకలు, లేత నిమ్మరంగు రెక్కలు నిలువుగా ముడుచుకుని, కాగితం ముక్కలు గుచ్చినట్టు వరసగా. మగవే ఎక్కువ. నీటి కోసం కాదు, నీటిలో కరిగిన ఉప్పు కోసం వస్తాయి. సంగమంలో ఆ లవణాల్లో కొంత ఆడదానికి చేరి గుడ్లకు పనికొస్తుంది. నేను నిలబడి రెండడుగులు వేశానో లేదో గుంపంతా లేచింది. అవి నా ముఖం చూసి లేవలేదు, నా నీడ వాటి మీద పడి లేచాయి. పావుగంట కదలకుండా కూర్చుంటే ఒక్కొక్కటే అదే చోటికి దిగాయి. ఈసారి సూర్యుడికి ఎదురుగా, మోచేతుల మీద పాక్కుంటూ వెళ్లాను. ఓ మగది నాకు జానెడు దూరంలో, తొండంతో నీళ్లు పీలుస్తూ వెనక నుంచి చుక్కలు చుక్కలుగా వదులుతోంది. ఉప్పు ఉంచుకుని నీళ్లు పారబోయడమన్నమాట. చొక్కా పాడైందని ఇంట్లో తిట్లు పడ్డాయి, అది వేరే సంగతి.

ఉదయం పూట ఒంట్లో వేడి పుట్టేదాకా అవి సరిగ్గా ఎగరలేవు. రెక్కలు చాపి ఎండ కాచుకుంటాయి. ఎనిమిది నుంచి పదిన్నర మధ్య దొరికినంత తేలిగ్గా మధ్యాహ్నం దొరకవు. అవి ఒకే చోటికి తిరిగి వస్తాయని నమ్మి కూర్చోండి, వెంటపడితే పరుగే మిగులుతుంది.

ఇప్పుడు మొక్కల సంగతి. ఇదే అసలు జవాబు. ఎదిగిన సీతాకోక ఏ పూవు మీదైనా వాలుతుంది గానీ, దాని గొంగళిపురుగు మాత్రం కంచంలో ఏది పడితే అది తినదు. చాలా జాతులకు కొద్ది రకాల మొక్కలే. తల్లి కాళ్లతో ఆకును తట్టి, రుచి చూసి మరీ గుడ్డు పెడుతుంది. కాబట్టి మొక్క తెలిస్తే సీతాకోక చిరునామా తెలిసినట్టే.

బతుకమ్మకు తంగేడు పూలు మనమంతా కోస్తాం. ఎప్పుడైనా ఆకు తిరగేసి చూశారా? ఆకురంగులోనే సన్నటి గొంగళి, పక్కన పసుపుచార. అది ఎమిగ్రెంట్. ఇంకో ఎమిగ్రెంట్ రేల చెట్టు మీద పెరుగుతుంది. జిల్లేడు ప్లెయిన్ టైగర్‌ది, కరివేపాకు కామన్ మార్మన్‌ది. నిమ్మ, మారేడు లైమ్ బటర్‌ఫ్లైవి. ఇంటి ముందు నిలువుగా పెంచే అశోక చెట్టు టెయిల్డ్ జేది, గన్నేరు కామన్ క్రోది. గడ్డి చేమంతి గుడ్లు పెట్టే మొక్క కాదు గానీ, తేనెకు అదే అందరి హోటల్. దాన్ని కలుపని పీకేస్తాం.

తునికి చెట్టు గురించి ఒక మాట ఎక్కువ చెప్పాలి. బారొనెట్ అని నారింజ రంగు సీతాకోక ఉంది, ములుగు, తాడ్వాయి అడవుల్లో మీకు తప్పక కనిపిస్తుంది. పూల జోలికి పెద్దగా పోదు, కుళ్లిన పండ్లు, చెట్ల జిగురు దానికి ఇష్టం. ఈతచెట్టుకు కట్టిన లొట్టి అంచున కారిన కల్లు మీద రెండు బారొనెట్లు, ఓ ఈగల గుంపు కలిసి కూర్చోవడం చూశాను. ఎంత దగ్గరికి వెళ్లినా లేవలేదు, కారణం మీకు తెలుసు. దాని గొంగళి ఎక్కువగా తినేది తునికి ఆకే, మనవాళ్లు బీడీలకు కోసేదే. కొత్త చిగురు బాగా రావాలని కొన్నిచోట్ల ఎండాకాలం మొదట్లో కింద ఆకుకు నిప్పు పెడతారు. ఇప్పపువ్వు ఏరుకోవడానికి వీలుగా ఉంటుందని ఇంకొందరు పెడతారు. కడుపు నింపుకునే పనిని నేను తప్పు పట్టను. కానీ ఆ మంటలో రాలిన ఆకుల మధ్య, కింది కొమ్మల మీద ఉన్న సీతాకోకల గూళ్లన్నీ (ప్యూపాలు) పోతాయి. మంట పోయిన చోట, పోని చోట ఆగస్టులో నడిచి చూడండి, తేడా మీకే తెలుస్తుంది.

ఇక మీ రెండో ప్రశ్న. ఇక్కడ నేనే ముందు తప్పు ఒప్పుకోవాలి.

1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టంలో, 2022 సవరణకు ముందు, పులి ఉన్న మొదటి షెడ్యూల్లోనే చోటు దక్కిన సీతాకోకల్లో డనాయిడ్ ఎగ్‌ఫ్లై ఒకటి. దాని ఆడది ప్లెయిన్ టైగర్ వేషం వేస్తుంది. జిల్లేడు తిని పెరిగిన ప్లెయిన్ టైగర్ చేదని పక్షులకు తెలుసు, ఆ పేరు చెప్పుకుని ఇది బతికిపోతుంది. మూడేళ్లు నేను రెంటినీ ఒకే ఫోల్డర్‌లో వేశాను. ఓ రాత్రి పాత ఫొటోలు చూస్తుంటే ఒకదానికి వెనక రెక్క మధ్యలో ఉండాల్సిన నల్ల చుక్కలు లేవు, పై అంచున మాత్రం ఒక్క మచ్చ. వెనక్కి తవ్వితే అలాంటివి ఇంకో నాలుగు తేలాయి. తేదీ, చోటు రాసి ఉన్నాయి గనుక అవి ఎక్కడివో తెలిసింది. నాలుగింట్లో మూడు మా అమ్మ కూరగాయల పాదుల పక్కనే. అక్కడ గంగవాయిల కూర దానంతటదే మొలుస్తుంది, ఈ ఎగ్‌ఫ్లై గొంగళి ఎక్కువగా తినేది అదే. పప్పులో వేసుకునే ఆకుకూర మీద పులి సరసన జాబితాకెక్కిన జీవం పెరుగుతోంది! ఆ ఫొటోలు బాగాలేవని డిలీట్ చేసి ఉంటే ఇదేమీ తెలిసేది కాదు. అందుకే మసక ఫొటో కూడా దాచండి. ఐనాచురలిస్ట్‌లోనో, బటర్‌ఫ్లైస్ ఆఫ్ ఇండియా సైట్‌లోనో పెట్టండి. 2020 నుంచి ఏటా సెప్టెంబరులో బిగ్ బటర్‌ఫ్లై మంత్ పేరుతో దేశమంతా లెక్కింపు జరుగుతోంది, దాన్లో మన ఉత్తర తెలంగాణ నుంచి చేరేవాళ్లు ఇంకా కావాలి.

మా చిన్నప్పుడు పత్తి చేలల్లో తిరిగినన్ని క్రిమ్సన్ రోజ్‌లు ఇప్పుడు లేవు. పురుగుమందు అంటారు అందరూ. నిజమే, కానీ నా లెక్కలో అంతకన్నా పెద్ద దెబ్బ గడ్డిమందు. ఈ రోజ్‌లు గుడ్లు పెట్టే గాడిదగడపాకు నల్లరేగడి గెట్ల మీద నేలకు అంటుకుని పాకే మొక్క. పూర్వం గెట్టును కొడవలితో కోసేవాళ్లు, మొక్క మళ్లీ చిగిర్చేది. ఇప్పుడు కూలీలు దొరక్క ట్యాంకు వీపున వేసుకుని మందు కొడుతున్నారు, వేరుతో సహా పోతోంది. పరకాల వైపు మా బావకు ఆరెకరాల చేను ఉంది. పొలం మధ్యలో ఏం చేసుకున్నా సరే, ఉత్తరపు గెట్టు ఒక్కటి వదిలేయ్ బావా అని బతిమాలాను. మొదట నవ్వాడు. మొదటి వానాకాలం ఏమీ రాలేదు, ‘ఏదిరా నీ చిలుక’ అని ఎగతాళి. రెండో ఏడాది సెప్టెంబరులో ఆయనే ఫోన్ చేశాడు, ఆకు మీద నల్లగా, ఎర్ర బుడిపెలతో ఏవో పురుగులున్నాయి, పత్తికి ఎక్కుతాయా అని. వెళ్లి చూస్తే క్రిమ్సన్ రోజ్ గొంగళ్లే, ఐదు. నడుముకు తెల్ల పట్టీ కట్టినట్టున్న కామన్ రోజ్ గొంగళి ఇంకోటి. పత్తిని అవి ముట్టవని ఆయనకు నచ్చజెప్పడానికి ఆకు పక్కన పత్తి ఆకు పెట్టి చూపించాల్సి వచ్చింది. ఇప్పుడు ఆ గెట్టు మీద ఎవరైనా మందు కొడతామంటే ఆయనే వద్దంటాడు.

కోలుకోవడం అంటే నేను చూసినంతలో ఇలాగే ఉంటుంది, చిన్నగా, ఒక గెట్టంత. పెద్ద ఉదాహరణ కావాలంటే బెజ్జూరు అడవిలో పెద్దవాగు మీది పాలరాపు గుట్ట రాబందులు. రాబందులు దేశమంతటా కుప్పకూలింది అడవి లేక కాదు. పశువులకు నొప్పి తగ్గడానికి వేసే డైక్లోఫెనాక్ కళేబరం ద్వారా వాటి కిడ్నీలను తినేసింది. ఆ సంగతి 2004లో తేలింది, 2006లో పశువులకు ఆ మందు నిషేధించారు. పాలరాపులో గూళ్లు 2013లో బయటపడ్డాయి. ఆ గుంపు చిన్నదే, చంకలు గుద్దుకునే స్థితి లేదు. కానీ కారణం గుట్ట మీద కాదు, ఊళ్లో పశువుల కొట్టంలో ఉందని తెలిసింది. మీ ఇంట్లో పశువులుంటే డాక్టరును మెలాక్సికామ్ అడగండి, అది రాబందులకు హాని చేయదు.

ఇప్పుడు నా రెండో తప్పు. ఏడేళ్ల కిందట గాడిదగడపాకు దట్టంగా ఉన్న ఒక బీడు దొరికింది. సంబరంలో మ్యాప్ లొకేషన్‌తో సహా గ్రూపులో పెట్టేశాను. తర్వాతి ఆదివారం నేను వెళ్లేసరికి ఏడెనిమిది మంది, ట్రైపాడ్లు, మొక్కలన్నీ కాళ్ల కింద. ఒకాయన గూడు ఉన్న కొమ్మను విరిచి, వెనక నల్లగుడ్డ పెట్టి తీస్తున్నాడు, బ్యాక్‌గ్రౌండ్ శుభ్రంగా ఉంటుందని. ఏమనాలి? దారి చూపింది నేనే. అప్పటి నుంచి గుడ్లు, గూళ్లు, పిల్లలు ఉన్న చోటు ఎవరికీ కచ్చితంగా చెప్పను. ఊరి పేరు వరకే. మొదట్లో నేను కూడా మంచు బిందువుల కోసం సీతాకోకల మీద స్ప్రే బాటిల్‌తో నీళ్లు కొట్టాను. కొందరు ఫ్రిజ్‌లో పెట్టి చల్లబరిచి తీస్తారు. ఆ ఫొటోలు చూస్తే తెలిసిపోతుంది, కాళ్లు ముడుచుకుని నిస్సత్తువగా ఉంటాయి. అభయారణ్యంలోకి వెళ్తే చెక్‌పోస్టులో చెప్పి వెళ్లండి, దేన్నీ పట్టకండి, అది చట్టప్రకారం కేసు అవుతుంది.

కోపం వచ్చిన సంగతి ఒకటి చెప్పి ముగిస్తాను. మా ఇంటికి దగ్గరి చెరువు కట్ట మీద తంగేడు పొదలు పాతిక దాకా ఉండేవి. ఓ ఏడాది బతుకమ్మకు ముందు, ఆడవాళ్లు ఆడుకోవడానికి వీలుగా ఉండాలని జేసీబీతో కట్టంతా గీకేశారు. ఆ సాయంత్రం పేర్చిన బతుకమ్మల్లో తంగేడు మార్కెట్లో కొన్నది. ఇప్పుడు కట్ట చివర, మెషిన్ తిరగని మూల, మూడు పొదలు మళ్లీ లేచాయి. నా ఆదివారం నడక అక్కడే మొదలవుతుంది. అరగంట, అదే దారి, కనిపించినవన్నీ నోట్‌బుక్‌లో. మీరూ పద్మాక్షి గుట్ట దగ్గరో, వడ్డేపల్లి చెరువు దగ్గరో మీకంటూ ఓ అరగంట దారి పెట్టుకోండి. పాకాల ఎక్కడికీ పోదు.

ఇక మీ ఫొటో. అది క్రిమ్సన్ రోజ్ కాదు. రెక్కల మీద ఎర్ర చుక్కలు, తెల్ల పట్టీలు ఉన్నాయి, ఒప్పుకుంటా. కానీ ఒళ్లు చూడండి, నల్లగా ఉంది. క్రిమ్సన్ రోజ్‌కు తల, పొట్ట ఎర్రగా ఉంటాయి. మీది ఆ వేషం వేసిన కామన్ మార్మన్ ఆడది. మీ పెరట్లోనో, పక్కింట్లోనో కరివేపాకు చెట్టు ఉండి ఉంటుంది, లేత ఆకుల మీద పిట్టరెట్టలా కనిపించే చిన్న గొంగళి ఉందేమో చూడండి. ఈ వేషం పనిచేయాలంటే అసలుది కూడా ఆ చుట్టుపక్కల తిరుగుతూ ఉండాలి, లేకపోతే పక్షులకు భయం ఎందుకు? మీ వీధి చివర ఖాళీ ప్లాట్లు ఉన్నాయన్నారు కదా. వానలు పడ్డాక ఆ నల్లమట్టిలో వంగి గాడిదగడపాకు వెతకండి. గుండెకాయ ఆకారంలో బూడిదరంగు ఆకు, నలిపితే ఘాటు వాసన. దొరికితే ఫొటో ఇక్కడ పెట్టండి, లొకేషన్ మాత్రం వద్దు.